కంతలోంచి వచ్చిన కేక

విశ్వమంతా మనిషి బుర్రలో పట్టదని సాయంత్రం రేడియోలో ఎవరో అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. గుడారం పైకప్పు మధ్యన పొగ పోయే గుండ్రటి కంతలోంచి చుక్కలు కనబడుతుంటే, పడుకున్నచోటి నుంచే గొప్పలకు పోయాను.

"ఈ గోబీ ఎడారి మీది ఆకాశమంతా నా బుర్రలో పట్టేస్తుంది. ఏ చుక్క ఎప్పుడు ఆ కంత దాటుతుందో అడుగు, చెబుతా."

"నిన్న తప్పిపోయిన మేక ఎటు పోయిందో మాత్రం చెప్పలేకపోయావు. పడుకోవయ్యా," అంది మా ఆవిడ.

ఇద్దరం నవ్వుకున్నాం. ఆమెకు కునుకు పట్టింది.

అంతలో "కుక్కను పట్టుకోండి!" అని కేక వినబడింది. మా వైపు ఏ గుడారానికి వచ్చినవాడైనా దూరం నుంచే వేసే కేక అది. కానీ మా కుక్క బసార్ మొరగలేదు. ఎన్నడూ గడప తొక్కని కుక్క తలుపు తోసుకుని వచ్చి మంచం కింద దూరింది. కేక కంత పైనుంచి వచ్చింది. గొంతు నాదే.

పలకొద్దని నేను చెప్పేలోపే మా ఆవిడ నిద్రలోనే, అలవాటు కొద్దీ, "పట్టుకున్నాం, రండి," అంది.

కంతలో చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. అడుగుల చప్పుడేమీ లేదు. నా తలలో మాత్రం ఏదో చల్లగా నిండుతూ, అక్కడున్నవాటిని తోసేస్తోంది. మా మేకల గుర్తులు పోయాయి. మా అమ్మ ముఖం పోయింది.

"ఎవరయ్యా వచ్చింది?" అంటూ ఆమె లేచి కూర్చుంది.

ఆమెను పేరు పెట్టి పిలిచి, బయటికి పరుగెత్తమందామని నోరు తెరిచాను. ఆ పేరు దొరకలేదు.