లెంజ్ చెట్టు మీద పాషా

“అదిగో మేడమ్! కొమ్మ కింద! తీయండి, తీయండి!”

నజీహా కెమెరా కంటికి ఆనించి, వెంటనే దించేసింది.

“ఎండుటాకు.”

“ఇందాక కదిలిందండీ!”

“గాలికి ఎండుటాకు కదలక ఏం చేస్తుంది తిజానీ? పొద్దుట్నించి ఇది మూడోది. నువ్వు తోటమాలివా, ఎండుటాకుల ఏజెంటువా?”

తిజానీ టోపీ తీసి నెత్తి మీద చెమట తుడుచుకున్నాడు. బిజెర్త్ పట్నంలోని ఈ చిన్న పార్కుకు ఇరవై ఆరేళ్లుగా అతనే తోటమాలి. రేపు పొద్దున్న యంత్రాలు వస్తాయి. చెట్లు కొట్టేసి కార్లు నిలిపే చోటు చేస్తారట. ఆపడానికి మిగిలింది ఒకటే దారి. పాషా అనే పెద్ద సీతాకోకచిలుక ఇక్కడ బతుకుతోందని ఫొటోతో తేలాలి. అది ఉన్న చోట చెట్టు ముట్టకూడదని అటవీ శాఖ రూలు. తిజానీ ఉత్తరం రాస్తే తనిఖీకి రాజధాని ఆఫీసు నుంచి నజీహాను పంపారు. గడువు ఈ మధ్యాహ్నం పన్నెండు.

మూడు రోజులుగా మురగబెట్టిన అంజూర పండ్లను అతను, పాషా గుడ్లు పెట్టే లెంజ్ చెట్టు మొదలుకు పూశాడు. ఆ పులిసిన వాసనకు పాషా ఎక్కడున్నా వచ్చి వాలాల్సిందే. ఇప్పటిదాకా వచ్చినవి ఈగలు, కందిరీగలు, రెండు తెల్ల సీతాకోకచిలుకలు.

“ఇవి పనికిరావా మేడమ్? ఎంత ముద్దుగా ఉన్నాయో చూడండి!”

“క్యాబేజీ తోటల్లో ఇవి వేలకు వేలు. నా కాగితంలో పాషాకే గడి ఉంది.”

“గేటు దగ్గర బెంచీల మీదున్న ఆ ఆడవాళ్లకి గడి లేదా? అయిదో అంతస్తు నుంచి మెట్లు దిగొస్తారు పాపం. ఇది పోతే వాళ్లెక్కడ కూర్చుంటారు?”

“లేదు.”

“పిల్లలకి?”

“లేదన్నానుగా! మనుషులకి గడులు పెట్టుకుంటూ పోతే ఒక్క కాగితం చాలదు. చెట్టుకేసి చూడు.”

అంతలో మందారం పొద మీద నారింజ రంగు తళుక్కుమంది. ఇద్దరూ పరుగు తీశారు. నజీహా మోకాళ్ల మీద పడి మరీ గురిపెట్టింది. తీరా చూస్తే అది చిన్నది, ప్రతి వసంతంలోనూ శరత్తులోనూ ఊరి మీదుగా పోయే వలస రకం.

“ఛ!” అంది. ఆ ఛీత్కారంలో తనకంటే ఆమెకే ఎక్కువ బాధ ఉన్నట్టు తోచింది తిజానీకి.

“నిజం చెప్పు. పాషాని ఆఖరిసారి ఎప్పుడు చూశావు?”

“ఉత్తరంలో రాశాను కదండీ, పోయిన నెల...”

“తిజానీ!”

అతను నేల చూపులు చూశాడు. “మూడేళ్లయింది మేడమ్.”

“అంటే ప్రభుత్వానికి అబద్ధం రాశావు.”

“ప్రభుత్వం నాకు రాసినవి కూడా చూపించమంటారా?”

“నోటికేం తక్కువ లేదు. మా ఆఫీసులో అద్దాల అలమరాలో చూడ్డమే తప్ప, బతికున్నదాన్ని నేనూ ఎన్నడూ చూడలేదు. నీ ఉత్తరం పట్టుకుని తెల్లారకుండా బస్సెక్కాను చూడు, నన్ను అనాలి!” ఆమె గడియారం చూసుకుంది. “గొంతు ఎండిపోయింది. వెళ్లి టీ పట్రా. పుదీనా వెయ్యాలి, పైన బాదంపప్పులు తేలాలి. పరిగెత్తకు, ఒలకబోస్తావు.”

“ఇప్పుడా? ఇంక ఇరవై నిమిషాలే ఉంది!”

“కళ్లు నావి, కెమెరా నాది. ఎండుటాకులు చూపించడం తప్ప నువ్వుండి చేసేదేముంది?”

తనను పంపించేసి కాగితం మీద ‘లేదు’ అని గీకేస్తుందని తిజానీకి అర్థమైపోయింది. రోడ్డవతల టీకొట్టు ఖమైస్ బాదంపప్పుల పొట్టు తీరిగ్గా ఒలుస్తుంటే వాడి పీక నొక్కాలనిపించింది. పరిగెత్తొద్దన్నా పరిగెత్తాడు. సగం టీ వేళ్ల మీదే పోయింది.

గేటు దాటి రాగానే నజీహా చెయ్యి పైకి లేచింది.

“ఆగు! అక్కడే ఆగు! వచ్చింది!”

గ్లాసు జారిపోయేదే. ఇరవై అడుగుల అవతల, అంజూరపు గుజ్జు మీద, అరచేయంత పాషా! రెక్కలు బార్లా పరిచి ఉంది. గోధుమ రంగు మీద నారింజ అంచు, వెనక రెక్కలకు రెండేసి తోకలు. గాలి వీచినప్పుడల్లా రెక్కలు సన్నగా వణుకుతున్నాయి.

“అదే! అదే మేడమ్! వచ్చాడమ్మా నా రాజు! తీయండి, తీయండి!”

“అరవకయ్యా! తీస్తూనే ఉన్నాను!”

కెమెరా టిక్కుటిక్కుమంటూనే ఉంది. నజీహా నేల మీద బోర్లా పడుకుంది, లేచింది, ఎడమకు పాకింది, కుడికి పాకింది. తెల్ల చొక్కా మట్టికొట్టుకుపోయింది. తిజానీ ఉన్నచోటే చంటిపిల్లాడిలా గెంతుతున్నాడు.

“ఎగిరిపోతుందేమో మేడమ్! అసలు ఎగరట్లేదేంటండీ?”

“పులిసిన పండు కదా. తాగి పడుంది.”

“అచ్చం మా బావమరిదే!”

ఆమె ఫక్కున నవ్వింది. పొద్దుట్నించి అదే మొదటిసారి. అతను ఒక అడుగు ముందుకేసేసరికి మళ్లీ గొంతు పెంచింది.

“దగ్గరికి రాకు. నీ నీడ పడితే లేచిపోతుంది.”

పన్నెండుకు మూడు నిమిషాలుందనగా ఆమె గడిలో ‘ఉంది’ అని రాసి సంతకం చేసింది. సాక్షిగా తిజానీ చేత కూడా పెట్టించింది. ఫొటోలు అక్కడి నుంచే ఫోనులో పంపింది. కాసేపటికి ఫోను మోగింది. విని, జేబులో పెట్టుకుంది.

“యంత్రాలు రావు.”

తిజానీ ఆమె చేతులు పట్టుకోబోయి, తన వేళ్లకున్న టీ జిగట చూసి ఆగిపోయాడు. ఏడుస్తూనే నవ్వాడు. సంగతి తెలిసి బెంచీల మీది ఆడవాళ్లు పెళ్లింట్లోలా నాలుకలాడించి కేకలు పెట్టారు.

నజీహా మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేసి సంచీ భుజాన వేసుకుంది.

“ఇంకోసారి ఉత్తరంలో అబద్ధం రాశావో, జైల్లో వేయిస్తాను,” అంది. గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. “నేను బస్సెక్కేదాకా దాని జోలికి పోకు.”

బస్సు కదిలింది. తిజానీ మునివేళ్ల మీద నడుస్తూ చెట్టును సమీపించాడు. మూడేళ్లకు వచ్చిన చుట్టం, కనీసం సలాం చెప్పాలి కదా. ఊపిరి బిగబట్టి వంగాడు. అతని నీడ రెక్కల మీద పడింది. అయినా అది కదల్లేదు. ఇంకా దగ్గరగా ముఖం పెట్టి చూశాడు.

దాని నడుమున గుండుసూది ఉంది.