పులుపు

ఏప్రిల్ 9, ఉదయం 9 గంటల 40 నిమిషాలు. రాయదుర్గం దగ్గర ఒక తీగల ఫ్యాక్టరీ గేటు బయట చూపు లేని ముసలాయన ఒకరు ఉక్కు తీగ చుట్టను నాలుకతో తాకారు.

లారీ ఎక్కిస్తున్న కూలీలు నవ్వారు.

“ఏమప్పా, బెల్లమనుకుంటివా?”

ముసలాయన ఉమ్మేశారు. “పులుపు ఉండాది. యాసిడ్ పోలేదు. ఇంగోసారి కడగండి.”

తీగ సాగదీశాక యాసిడ్‌లో ముంచుతారు. సాగదీసేందుకు పూసిన సబ్బుపొడి, తుప్పు పోయి మెరుస్తుంది. తర్వాత మూడు తొట్లలో మూడుసార్లు మంచినీళ్లతో కడగాలి. ఆ లోడును రెండుసార్లే కడిగారు.

సూపర్‌వైజర్ మారుతి వచ్చాడు.

“నీళ్లు యాడుండాయి? ట్యాంకరు రాక మూడు దినాలాయ. తాగేదానికే లేవు, తీగకు పోయమంటావా?”

“ఈ తీగ యాడికి పోతాది?”

“బోర్లలోంచి మోటార్లు ఎత్తే తాళ్లకు.”

“అయితే పంపొద్దు నాయనా. పైకి మెరుస్తాది, లోపల యాసిడ్ తింటానే ఉంటాది. తాడు పట్టినోని ప్రాణం పోతాది.”

“కండ్లు లేవు, మెరిసేది ఎట్ల కనిపిచ్చె నీకు?” అన్నాడు ఒక కూలీ.

మళ్లీ నవ్వారు. తీగ తుడిచే ఆంజినమ్మ నవ్వలేదు.

“అన్నా, ట్యాంకరు వచ్చేదాకా ఆపరాదా?”

“పదింటికి లోడు పోవల్ల. నీ పని చూసుకో పో.”

వాచ్‌మన్ ముసలాయన రెక్క పట్టుకుని బస్టాపులో వదిలి వచ్చాడు. లారీ పదింటికి కదిలింది.

జూన్ 2న ఒక పల్లెలో బోరులోంచి మోటారు తీస్తుండగా ఆ లోడు తీగతో పేనిన తాడు తెగింది. తాడు పట్టుకున్న ఓబుళేసు అక్కడికక్కడే చనిపోయాడు. ముక్కను పరీక్షకు పంపారు. తీగల మీద యాసిడ్ మిగిలి ఉందని తేలింది.

మారుతి ముసలాయన కోసం వెతికాడు. ఫ్యాక్టరీ చేతులు మారాక పాత పనివాళ్లెవరూ మిగల్లేదు. ఆయనెవరో ఎవరికీ తెలియదు. చివరికి కణేకల్ బస్సు కండక్టర్ ఊరు చెప్పాడు.

గడపలో ఆయన భార్య వనజాక్షి కూర్చుని ఉంది. మారుతి ఆయన కోసం అడిగాడు.

“ఆయప్ప లేడు. మే నెల ఎండదెబ్బకు సచ్చిపోయినాడు. ఏం పనప్పా?”

“తీగ సంగతి ఆయప్పకు ఎట్ల తెలిసెనో అడగాలని వస్తిమ్మా. మాది ఆ ఫ్యాక్టరీనే.”



“మా బోరు మీద తాడు తెగి మా కొడుకు గిరి సచ్చిపోయె. ఆ పొద్దే ఆ తాడు మొగానికి తగిలి ఆయప్పకు కండ్లు పోయె. పదమూడేండ్లాయ.”

“అది యాడి తీగ?”

“మీదే. నీళ్లు లేవని రెండుసార్లే కడిగి పంపిండ్రి.”

“ఎవరు పంపినారు?”

“మా ఇంటాయనే,” అంది వనజాక్షి. “అప్పుడు ఆడ సూపర్‌వైజరు ఆయప్పే.”