జిగురు పొర

"భవితమ్మా, తల పగిలిపోతోంది. ఏదైనా మాత్రుంటే ఇలా ఇవ్వు," అన్నాడు హోటల్ యజమాని డేవిడ్‌సన్. ఆ రోజు ఉపవాస ప్రార్థన. ఆయన పొద్దుటినుంచి ఏమీ ముట్టలేదు.

భవిత అల్మరాలోంచి నొప్పి మాత్రల డబ్బా తీసింది. తనకి నడుం పడిపోయినప్పుడల్లా ఆయన మాత్ర తీసిచ్చిన డబ్బా అది. "ఒకటి వేసుకుని పెనం దగ్గర నుంచో తల్లీ, తిండి తర్వాత. కాదంటే ఈ మిల్టన్ ఊరి నిండా మన స్టూడెంట్లే, ఈ పనికోసం బారులు తీరున్నారు," అనేవాడు. చివరికి ఆమె నెత్తురు కక్కుకుని ఆస్పత్రిలో పడింది. మళ్ళీ పనిలోకి రావడం ఇవాళే.

కడుపులో ఆ మంటేమిటో ఈయనకీ తెలియాలి. రెండు మాత్రలు ఆయన అరచేతిలో వేసింది.

ఆయన చూసి వెనక్కిచ్చేశాడు.

"ఖాళీ కడుపుతో ఇవా? ఇంకేమైనా ఉందా? తన యాసిడ్‌కి తనే కాలిపోకుండా కడుపు లోపల జిగురు పొర కట్టుకుంటుందమ్మా. ఇవి దాన్ని కట్టనివ్వవు. ఈ దేశం వచ్చిన కొత్తలో నాకు అల్సరైతే డాక్టర్ చెప్పాడు."

భవిత ఆ రెండు మాత్రలూ డబ్బాలో వేసి మూత పెట్టింది.

"నా డాక్టరూ అదే చెప్పింది అంకుల్. అయితే నాకిచ్చేటప్పుడు మీకు తెలుసన్నమాట."

పక్కన బైబిలు చదువుకుంటున్న ఆయన భార్య షెర్లీ తలెత్తింది. ఆస్పత్రిలో ఈ పిల్ల మంచం పక్కన మోకరించి ఏడ్చింది ఆవిడే.

"ఆ మాత్రలు మీరిచ్చినవేనా, ఏవండీ?"

డేవిడ్‌సన్ ప్రార్థనలో ఉన్నవాడిలా కళ్ళు మూసుకున్నాడు.

"కళ్ళు తెరవండి," అంది షెర్లీ.