అయిదు అట్టముక్కలు

టి, ఈ, ఏ, సి, హెచ్.

రాహేలు అయిదు అట్టముక్కల్నీ బల్ల మీద పరిచింది. ఒక్కో ముక్క మీద ఒక్కో ఇంగ్లీషు అక్షరం, నల్లసిరాతో లావుగా రాసి ఉంది. వాడి వాడి అంచులు నలిగిపోయాయి.

"వీటిల్లకెల్లి మాటలు తియ్యాలె. ఎన్ని దొరికితే అన్ని. అయిదూ పట్టే పెద్ద మాట గూడ ఉన్నది," అంది.

బల్లకి అవతల లక్ష్మీనర్సయ్య కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో 'సి'ని కాస్త ముందుకి జరిపాడు. మళ్లీ వెనక్కి జరిపాడు. ఏమీ తోచక కిటికీలోంచి తార్నాక రోడ్డు వైపు చూశాడు.

"బయట గాదు, గీడ చూడున్రి," అంది రాహేలు.

సోమవారం గండం ఉంది మరి. యూనివర్సిటీలో ముగ్గురు పెద్దమనుషులు కూర్చుంటారు. పుస్తకం తెరిచి ముందు పెడతారు. ఇంగ్లీషు నాలుగు ముక్కలు చదివితే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఇంటికే. అసలే పంతొమ్మిది వందల అరవై ఎనిమిదో సంవత్సరం, ఉద్యోగాలు దొరికే రోజులా అవి. పైగా లక్ష్మీనర్సయ్యకి క్యాంపస్ తప్ప ఇంకో లోకం తెలియదు.

పైవాటాలోకి కొత్తగా దిగిన బస్సు కండక్టరు కొమురెల్లి, డ్యూటీకి పోతూ వరండాలో ఆగాడు. చూసింది చూసినట్టు అడక్కపోతే ఆ మనిషికి తోచదు.

"ఏంది పెద్దాయనా, గీ వయసుల ఏబీసీడీలు? అటెండరు నౌకరీకి గూడ ఇంగ్లీషు గావాల్నంటున్నరా?"

లక్ష్మీనర్సయ్య నవ్వాడు. "గావాల్నంట తమ్మీ."

టీ తెస్తున్న ఆయన భార్య అమృతమ్మ మాత్రం నవ్వలేదు. కప్పు బల్ల మీద పెట్టి, కొమురెల్లితో ఏదో అనబోయింది. భర్త వద్దన్నట్టు చూశాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

ఆయన కప్పుని చూశాడు. అట్టల్ని చూశాడు. చాలాసేపటికి టి, ఈ, ఏ మూడూ ఒక్కోటే పక్కపక్కన చేర్చాడు.

"టీ," అన్నాడు.

రాహేలుకి ప్రాణం లేచొచ్చింది. "ఇంకోటి?"

ఇంకోటి రాలేదు. టీ చల్లారిపోయింది. ఎండ వాలిపోయింది. 'హెచ్' పక్కన 'సి' పెట్టి తీశాడు, 'సి' పక్కన 'ఏ' పెట్టి తీశాడు. చివరికి ఒళ్లు మండి ఒక్క తోపు తోశాడు. అట్టలన్నీ గచ్చు మీద పడ్డాయి.

"నాతోని గాదు. ఆ మాటేందో నువ్వే చెప్పరాదు?"

రాహేలు కింద కూర్చుని అట్టలేరింది.

"నేను చెప్ప. లాలాపేట్‌ల రైల్వే కూలి బిడ్డను. కాలేజీకి వచ్చిన్నాడు నాకు గూడ ఒక్క ముక్క రాకపోయేది. మా సారు గీ అట్టలే ముందటేసి కూసునేటోళ్లు. నేను ఏడ్చినా చెప్పకపోయేటోళ్లు. నువ్వు దొరికిచ్చుకుంటేనే ఆ మాట నీదైతది, నేను చెప్తే నాదే ఉంటది అనేటోళ్లు."

"మీ సారు ఉత్త మొండోడు."

"మొండోళ్లే. గని సారుకు కోపం రాకపోయేది."

లక్ష్మీనర్సయ్య తల వంచుకున్నాడు. కళ్లు నిండిపోయాయి. ఎడమచెయ్యి చాచి, "ఇటు తే బిడ్డా," అన్నాడు.

ఆ సాయంత్రం లాలాపేట్‌కి నడిచి పోతూ రాహేలు దారి పొడుగునా ఏడ్చింది. పెద్ద మాట 'టీచ్'. అది నోటి చివరిదాకా వచ్చి ఆగింది. చెప్పేస్తే ఏం పోయేది, పాపం ఆ మనిషి మొహం చూడలేకపోయింది. ఆదివారం చర్చిలో ఆమె ప్రభువుని అడిగింది కూడా అదొక్కటే, ఆ అయిదు అక్షరాలూ లక్ష్మీనర్సయ్యకి ఒక్కచోట కనబడాలని.

సోమవారం పొద్దున్న ఇద్దరూ రిక్షాలో క్యాంపస్‌కి వెళ్లారు. ఆర్ట్స్ కాలేజీ మెట్లు రాహేలు ఆయన చెయ్యి పట్టుకుని ఎక్కించింది. గది గుమ్మం దగ్గర ఆమెని ఆగమన్నారు. తలుపు తెరిచే ఉంది.

ముగ్గురిలో నడిమి ఆయన పుస్తకం తెరిచి, చాలా మెల్లిగా ముందుకి జరిపాడు.

"తొందరేం లేదు. ఒక్క లైను చదవండి చాలు."

లక్ష్మీనర్సయ్య మొదటి మాట కింద వేలు పెట్టాడు. పెదాలు కదిలాయి. వేలు లైను చివరిదాకా పోయింది, మళ్లీ మొదటికొచ్చింది.

"టీ," అన్నాడు.

ఆ లైన్లో టీ లేదు. ముగ్గురిలో ఒక్కరూ ఆయన మొహంలోకి చూడలేదు.

నడిమి ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఆ అమ్మాయి లోపలికి వచ్చి చెబుతుంది. మీరు వెనకాలే అనండి. చదివారనే మేం రాసుకుంటాం."

రాహేలు ఒక్క అంగలో లోపలికొచ్చింది. పుస్తకం మీదికి వంగింది. చెప్పడానికి నోరు తెరిచింది కూడా.

లక్ష్మీనర్సయ్య లైను మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు బిడ్డా. నువ్వు చెప్తే నీదే ఉంటది."

ఎడమచేత్తోనే పుస్తకం మూశాడు. బల్ల పట్టుకుని మెల్లిగా లేచాడు. రాహేలు వెక్కి వెక్కి ఏడుస్తూ ఆయన భుజం పట్టుకుంది. ఆయన గుమ్మం వైపు తిరగగానే ఆ ముగ్గురూ కుర్చీల్లోంచి లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

మొన్న వేసవిలో పక్షవాతం వచ్చి, తెలుగు మిగిల్చి ఇంగ్లీషునొక్కదాన్నే తుడిచిపెట్టుకుపోయేదాకా, అదే గదిలో మొదట ఆ ముగ్గురికీ తరవాత రాహేలుకీ ఇంగ్లీషు పాఠం చెప్పింది ప్రొఫెసర్ లక్ష్మీనర్సయ్యగారే.