పరీక్ష కాల్

మెయిన్ సర్వర్‌ని కాసేపు ఆపేస్తానని ఇంజనీరు అనేసరికి అంబులెన్సుల కంట్రోల్ రూమ్ సూపర్‌వైజరమ్మకి ఒళ్ళు మండింది. పట్టపగలు, ఫోన్లు మోగుతున్న వేళ చేసే పనేనా అది?

ఏమీ కాదని ఆయన నచ్చజెప్పాడు. మెయిన్ సర్వర్ పడిపోతే పక్కనున్న రెండోది పని అందుకుంటుంది. ఫోన్ చేసినవాళ్ళకి ఆ సంగతే తెలియదు. చిక్కల్లా మొదటిది తిరిగి లేచినప్పుడే. ఇప్పుడున్న సెట్టింగు ప్రకారం అది కళ్ళు తెరవగానే, పూర్తిగా తేరుకోకుండానే, పనంతా తనవైపు లాగేసుకుంటుంది. ఆ లాగుడులో నడుస్తున్న కాల్స్ తెగుతాయి. ఇకమీదట అది లేచినా ఊరికే కూర్చోవాలి. తీరిక వేళ చూసి మనిషే దానికి పని అప్పగించాలి. ఆయన మార్చబోయేది అదొక్కటే.

"పోయిన వేసవిలో ఒకసారి అలాగే అయింది లెండి. కాసేపు లైన్లు మొరాయించాయి, కొన్ని కాల్స్ తెగాయి. కొంపలేం మునగలేదు. ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు" అందామె.

ఆయన తలొంచుకుని సెట్టింగు మార్చుకుంటూ పోయాడు.

ఆమెకి ఈ గది కొత్త కాదు. ఇంట్లో ఫోనెత్తినా "ఎక్కడినుంచి మాట్లాడుతున్నారు?" అంటుందని పిల్లలు వెక్కిరిస్తారు. ఈయనే కొత్త. పెద్ద కంపెనీలో ఉద్యోగం వదులుకుని, ఏరికోరి ఈ పనిలో ఎందుకు చేరాడో ఎవరికీ అంతుబట్టలేదు. అక్కడ గెంటేసి ఉంటారని ఆమె లెక్క.

పరీక్షకి ఒక కాల్ కావాలి. సర్వర్ ఆగినా, లేచినా అది తెగకూడదు. ఆయన మూల కుర్చీలో కూర్చుని తన సెల్ నుంచే చేశాడు. నిజం కాల్‌లాగే మాట్లాడమని, కాల్స్ అందుకునే హెడ్‌ఫోన్ అమ్మాయికి ముందే చెప్పి ఉంచాడు.

"మా ఆవిడ వంటగదిలో పడిపోయింది. ఊపిరి ఆడటం లేదు."

సూపర్‌వైజరమ్మ పెదవి విరిచింది. కాలు బెణికిందన్నా సరిపోయేదానికి ఇంత నాటకమా?

ఆ అమ్మాయి తడబడలేదు. అడ్రసు అడిగింది. బండి బయల్దేరిందంది. "వెల్లకిలా పడుకోబెట్టండి సార్. రెండు చేతులూ ఛాతీ మధ్యలో పెట్టండి."

ఆయన కీ నొక్కాడు. మెయిన్ సర్వర్ ఆగింది. గదిలో తెరలన్నీ ఒక్కసారి రెప్పలార్చి నిలబడ్డాయి. లైన్ తెగలేదు. కాసేపటికి దాన్ని మళ్ళీ లేపాడు. అది లేచి, దేనిజోలికీ పోకుండా బుద్ధిగా కూర్చుంది. అప్పుడూ లైన్ తెగలేదు.

"బాగానే ఉందిగా, ఇక పెట్టెయ్యండి" అంది సూపర్‌వైజరమ్మ.

ఆయన పెట్టలేదు. "తర్వాత?" అన్నాడు ఫోన్లో.

అమ్మాయి ఓసారి సూపర్‌వైజరమ్మ వైపు చూసి మళ్ళీ అందుకుంది. "గట్టిగా నొక్కండి. నాతోపాటు లెక్కపెట్టండి."

ఆయన నిజంగానే లెక్కపెట్టాడు, పెదవులు మాత్రం కదిలిస్తూ. ఆ అమ్మాయి ఆగినప్పుడల్లా తర్వాతేమిటని అడిగాడు. ఆపొద్దంది. చేతులు నొప్పెట్టినా ఆపొద్దంది. బండి వచ్చేదాకా తను లైన్లోనే ఉంటానంది. చివరికి, వచ్చేశారు, తలుపు తీయమంది.

అప్పుడు పెట్టేశాడు. అంత ఏసీలోనూ చొక్కా వీపుకి అంటుకుపోయి ఉంది.

సూపర్‌వైజరమ్మ ఇక ఊరుకోలేకపోయింది. "లైన్ తెగదని ఎప్పుడో తేలిపోయింది కదా సార్. పనున్న పిల్లని ఇంతసేపు కట్టేశారు. చివరిదాకా వినకపోతే ఏం పోయింది?"

ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"పోయిన వేసవిలో మా ఆవిడ పడిపోయినప్పుడు, 'రెండు చేతులూ ఛాతీ మధ్యలో పెట్టండి' అన్నదాకే వినిపించిందమ్మా."