నెమలి బ్లాగులో నీళ్ల కబురు

ఎండాకాలంలో అడవిలోని ఏ మడుగులో నీళ్లున్నాయో రోజూ తన బ్లాగులో రాసేది ఒక నెమలి. రాసేది ఒక్క ముక్కే. దాని పైన మాత్రం తను పురి విప్పిన ఫోటోలు నలభై, నాట్యమాడిన వీడియోలు మూడు, దానంతటదే మోగే పాట ఒకటి ఉండేవి. అవన్నీ వచ్చాకగానీ నీళ్ల కబురు కనిపించేది కాదు.

ఒకనాడు జింక రొప్పుతూ వచ్చింది.

"నెమలి బావా, పొద్దున్నే నీ బ్లాగు తెరిచాను. అది పూర్తిగా వచ్చేసరికి మిట్టమధ్యాహ్నమైంది. పరుగెత్తుకెళితే అప్పటికే ఏనుగులు దిగి మడుగంతా బురద చేసేశాయి. నా పిల్ల నాలుక పిడచకట్టుకుపోయింది. ఆ ఫోటోలు కొన్ని తీసెయ్యి, ఉన్నవాటిని చిన్నవి చెయ్యి."

"చిన్నవి చేస్తే నా ఈకల మీది కళ్లు ఎలా కనిపిస్తాయి? అందం తెలియనివాళ్లకు నీళ్లెందుకు?" అంది నెమలి.

జింక అక్కడికక్కడే కాకి బ్లాగు తెరిచింది. అందులో బొమ్మలు లేవు. 'తూర్పు వాగులో నీళ్లున్నాయి' అని మాత్రం ఉంది. పిల్లను తీసుకుని అటు పరుగెత్తింది. వారం తిరిగేలోపు కోతులు, కుందేళ్లు, చివరికి ఏనుగులు కూడా కాకి వైపే మళ్లాయి.

నెమలికి గుబులు పుట్టింది. మిగిలిన ఒకే ఒక్క పాఠకుణ్ణి, తాబేలును, పిలిచి అడిగింది.

"నిజం చెప్పు, నా బ్లాగు అంత నిదానమా?"

"ఎవరన్నారు బాబూ? పొద్దున తెరిస్తే మధ్యాహ్నానికల్లా వచ్చేస్తోంది. ఇంత తొందరేమిటా అని నేనే కంగారుపడుతున్నాను," అంది తాబేలు.

నెమలి పొంగిపోయింది. ఆ మెచ్చుకోలును తాబేలు నిలువెత్తు ఫోటోతో సహా బ్లాగు నెత్తిన పెట్టింది. ఇప్పుడది సాయంత్రానికి తెరుచుకుంటోంది.