కింది మెట్టు

“కాస్త లేవండి పెద్దాయనా. ఇక్కడ కూర్చోకూడదు.”

భవానీపురంలోని బట్టల కొట్టు కింది మెట్టు మీద కూర్చున్న ముసలాయన తలెత్తాడు.

“ఇబ్రహీంపట్నం బస్సు రాగానే పోతా బాబూ.”

“స్టాపులో బెంచీ ఉందిగా?”

“ఉంది. ఇక్కడైతే చల్లగా ఉంటుంది.” అరచేత్తో రాయిని నిమిరాడు.

కొట్టు యజమాని దుర్గాశంకర్ మెత్తబడ్డాడు.

ఆ నల్లరాతి మెట్లు నాన్న వేయించినవి. నాన్న పోయాక కొట్టులో అన్నీ మారాయి, అవి తప్ప. వాన పడితే నాన్న తలుపు తీయగానే ముందు ఆ కింది మెట్టు మీద గోనెపట్టా పరిచేవాడు. తడిసిన గోనె వాసన, కొత్త చీరల గంజి వాసన కలిసి వస్తేనే, హాస్టల్ నుంచి ఇల్లు చేరినట్టుండేది.

ఆ ఒక్క మెట్టుకే ఎందుకో, ఎన్నడూ అడగలేదు.

“ఎవరు మామయ్యా ఆయన?” లోపల్నుంచి జయంత్ అడిగాడు. మేనల్లుడు, లాయరు.

“తెలీదు. అప్పుడప్పుడూ వచ్చి కూర్చుంటాడు.”

“కోర్టులు ఇదివరకట్లా లేవు. ‘చూసుకుని నడవాలి’ అంటే ఇప్పుడు వినరు. మన మెట్టు మీద ఎవరు జారినా బాధ్యత మనదే అంటున్నారు. పైగా కుంటుకుంటూ వచ్చాడు, చూశావా?”

“అయితే?”

“ఆ కుంటితనం మన మెట్టు వల్లే వచ్చిందంటాడు రేపు. అప్పుడు నా దగ్గరికే పరిగెత్తుకొస్తావు.”

దుర్గాశంకర్ నవ్వాడు. కానీ మళ్ళీ బయటికి చూసినప్పుడు ముసలాయన కళ్ళకి ఆనలేదు. ఆయన కుంటికాలు ఒక్కటే ఆనింది.

“మెట్లు తీయించి ర్యాంపు పెట్టిస్తున్నామండీ. ఇక రావద్దు,” అన్నాడు బయటికొచ్చి.

“ఈ రాయి కూడా తీసేస్తారా?”

“అన్నీ.”

ముసలాయన కర్ర ఊతంతో లేచాడు. “నాన్నగారు...” అని ఆగాడు.

దుర్గాశంకర్ ఫోను చూసుకుంటున్నాడు.

“సరే బాబూ.”

వారం తిరక్కుండానే మెట్లు పగలగొట్టారు. ఆ చప్పుడుకి మేడ మీంచి అమ్మ వెంకటరావమ్మ గోడ పట్టుకుని దిగివచ్చింది. మోకాళ్ళ నొప్పులతో ఆమె కిందికి దిగి చాలా కాలమైంది.

రోడ్డుకవతల ముసలాయన నిలబడి రాతి ముక్కల వంక చూస్తున్నాడు. బస్సు వచ్చింది. ఎక్కాడు.

“ఆదిశేషయ్య కాదూ! పిలవరా!” అంది అమ్మ.

బస్సు కదిలిపోయింది.

“నీకు తెలుసా ఆయన?”

“ఇదివరకు పక్క సందులోనే ఉండేవాడు. సాయంత్రమైతే మీ నాన్నా ఆయనా ఈ మెట్టు మీదే కూర్చుని టీ తాగేవాళ్ళు. నువ్వు హాస్టల్లో ఉన్నావప్పుడు. ఆయన ఆసుపత్రిలో ఉంటే ప్లీడర్లు మంచం చుట్టూ చేరి మీ నాన్న మీద కేసు వేయమంటే, ‘నేనే చూసుకోలేదు’ అని పంపించేశాడు.”

“ఏం కేసమ్మా?”

అమ్మ పగిలిన రాళ్ళ వంక చూసింది.

“వానలో ఈ కింది మెట్టు మీద జారే కదరా, ఆయన కాలు విరిగింది.”